కంచెకే కంచె: ఫెయిల్2బ్యాన్‌కి ఎస్ఈలైనక్స్ మేలా, యాప్‌ఆర్మర్ మేలా?

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? సర్వర్ల లోకంలో ఈ సామెతకి 2021లో మంచి ఉదాహరణ దొరికింది. ఫెయిల్2బ్యాన్ తెలుసుగా. లాగ్ ఫైళ్లు చదువుతూ కూర్చుంటుంది, పది నిమిషాల్లో ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టిన ఐపీని ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేసేస్తుంది. కావాలంటే మీకు మెయిల్ కూడా పంపుతుంది, ఆ ఐపీ ఎవరిదో హూఈజ్ అనే చిరునామాల పుస్తకంలో అడిగి, వచ్చిన జవాబును జత చేసి మరీ. చిక్కు అక్కడే వచ్చింది. మెయిల్‌యుటిల్స్ ప్యాకేజీలోని మెయిల్ కమాండ్‌కి ఒక పాత అలవాటు ఉంది: టిల్డా గుర్తుతో మొదలైన లైనును ఉత్తరంలో భాగంగా కాక, తనకిచ్చిన ఆదేశంగా తీసుకుంటుంది. హూఈజ్ జవాబేమో బయటినుంచి వచ్చే టెక్స్ట్. అందులో ఎవరైనా అలాంటి లైను దూర్చగలిగితే అది మీ సర్వర్‌లో, రూట్ హోదాలో, అంటే పూర్తి అధికారంతో నడుస్తుంది. భద్రతా లోపాల జాబితాలో దీనికి సీవీఈ-2021-32749 అని నంబరిచ్చారు, 0.10.7, 0.11.3 వెర్షన్లలో సరిచేశారు.

ఆ లోపం పోయింది గానీ అది బయటపెట్టిన విషయం పోలేదు. ఫెయిల్2బ్యాన్ లాంటి టూల్ రూట్‌గా నడుస్తుంది. ఇరవై నాలుగు గంటలూ అది చదివేది దాడి చేసేవాడు రాసిన టెక్స్టే. లాగిన్ పేజీలో వాడు యూజర్‌నేమ్ అని ఏం టైపు చేస్తే అదే లాగ్‌లోకొచ్చి కూర్చుంటుంది కదా. రూట్‌గా నడిచే ప్రోగ్రాముకి మామూలు ఫైల్ పర్మిషన్లు అడ్డు కావు. ఇక దాన్ని ఆపగలిగేది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) స్థాయిలో ఉండే తప్పనిసరి యాక్సెస్ కంట్రోలే. ఇక్కడ ఫైలు యజమాని ఒప్పుకున్నాడా, నువ్వు రూటువా అన్న ప్రశ్నలు ఉండవు. పాలసీలో, అంటే ముందే పెట్టుకున్న రూళ్లలో రాసి ఉంటే సరే, లేకపోతే లేదు. మామూలు పర్మిషన్ల చెకింగ్ అయ్యాక దీని చెకింగ్ మొదలవుతుంది కాబట్టి రెండూ దాటితేనే పని జరుగుతుంది.

లైనక్స్‌లో దీనికి పెద్ద పేర్లు రెండు, ఎస్ఈలైనక్స్, యాప్‌ఆర్మర్. వీటి మధ్య పోలికలు నెట్‌లో బోలెడున్నాయి. దాదాపు అన్నీ వెబ్ సర్వర్‌ని ఉదాహరణగా తీసుకునే రాస్తారు. కాపలా టూల్ సంగతి వేరు. వెబ్ సర్వర్‌కి పాలసీ అడ్డొస్తే సైటు పడిపోతుంది, ఐదు నిమిషాల్లో నలుగురు ఫోన్ చేస్తారు. కాపలా టూల్‌కి పాలసీ అడ్డొస్తే ఏమీ జరగదు. లాగ్ చదవలేకపోతే మహా అయితే తన సొంత లాగ్‌లో ఒక లైను రాసుకుని ఊరుకుంటుంది. కుక్క మొరగడం లేదంటే దొంగ రాలేదని కాదు, దాని మూతి కట్టేసి ఉండొచ్చు. అందుకే రెండిట్లో ఏది గట్టిది అనే ప్రశ్న నాకు రెండోది. అడ్డు పడ్డప్పుడు మీకు తెలిసేదేది, తెలిశాక మీరు సరిగ్గా సరిచేయగలిగేదేది అన్నది మొదటిది.

ముందు డిస్ట్రో ఏమంటుందో చూడండి

డిస్ట్రో అంటే మీ సర్వర్‌లో ఉన్న లైనక్స్ రకం, సగం మందికి ఎంపిక ఇక్కడే అయిపోతుంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్, ఫెడోరా, రాకీ, ఆల్మా వాడుతుంటే ఎస్ఈలైనక్స్ ఆన్‌లోనే వస్తుంది. రెడ్ హ్యాట్ కెర్నల్‌లో యాప్‌ఆర్మర్‌కి మద్దతే లేదు. ఉబుంటు అయితే యాప్‌ఆర్మర్. డెబియన్‌లో 2019 నాటి 10వ వెర్షన్ నుంచి అది డిఫాల్ట్. సూసె కుటుంబం ఏళ్ల తరబడి యాప్‌ఆర్మర్ వైపు ఉండి ఇప్పుడు మారుతోంది: ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్ కొత్త ఇన్‌స్టలేషన్లలో 2025 ఫిబ్రవరి నుంచి ఎస్ఈలైనక్స్ డిఫాల్ట్. ఎప్పుడో పదేళ్లనాటి బ్లాగులో సూసె అంటే యాప్‌ఆర్మర్ అని చదివి అలాగే మొదలుపెట్టకండి.

డెబియన్‌లో ఎస్ఈలైనక్స్ పెట్టలేమా అంటే పెట్టొచ్చు, ప్యాకేజీలున్నాయి. కానీ డిస్ట్రో వాళ్లు రోజూ పరీక్షించని పాలసీతో బతకడం ఎంత కష్టమో ఒక పెద్ద అప్‌గ్రేడ్ చేస్తే తెలుస్తుంది. డిస్ట్రోకి ఎదురీదాలంటే గట్టి కారణం ఉండాలి. ఉత్సాహం ఒక్కటే చాలదు. పైగా ఈ రెంటినీ కలిపి ఒకే కెర్నల్‌లో నడపలేం, ఏదో ఒకటే. ఏది నడుస్తోందో సందేహముంటే సిస్ ఫోల్డర్‌లో కెర్నల్, దాని కింద సెక్యూరిటీ, అందులో ఎల్ఎస్ఎం అనే ఫైలును క్యాట్ చేయండి, పేర్లు వరసగా కనిపిస్తాయి.

ఇంటిపేరు, డోర్ నంబరు

ఎస్ఈలైనక్స్ ప్రతి ఫైలుకీ, ప్రతి ప్రాసెస్‌కీ ఒక లేబుల్ తగిలిస్తుంది. అది ఇంటిపేరు లాంటిది. మనిషి ఏ ఊరెళ్లినా ఇంటిపేరు వెంటే వెళ్తుంది. యాప్‌ఆర్మర్ ఇంటిపేరు అడగదు, డోర్ నంబరు చూస్తుంది. ఈ దారిలో ఉన్న ఫైలును ఈ ప్రోగ్రాము చదవొచ్చు, అంతే. ఎవరొచ్చి ఆ ఇంట్లో దిగినా దానికి ఒకటే.

రెండూ పుట్టింది వేర్వేరు అవసరాల్లోంచి. ఎస్ఈలైనక్స్‌ని అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ తయారుచేసి 2000 డిసెంబర్‌లో సోర్సుతో సహా విడుదల చేసింది. సిస్టమ్ మొత్తాన్నీ ఒకే పాలసీ కిందకి తేవాలన్నది దాని ఉద్దేశం. యాప్‌ఆర్మర్ 1998లో ఇమ్యునిక్స్ అనే చోట సబ్‌డొమైన్ అనే పేరుతో మొదలై, 2005లో నోవెల్ చేతికి, ఆ తర్వాత కెనానికల్ చేతికి వచ్చి, 2010లో 2.6.36 కెర్నల్‌లో చేరింది. ప్రమాదమున్న ప్రోగ్రాములను ఏరి ఒక్కోదానికీ ఒక్కో పంజరం కట్టాలన్నది దీని లెక్క. అందుకే ఒకదాని పాలసీ పుస్తకమంత ఉంటుంది, రెండోదాని ప్రొఫైల్ (ఒక ప్రోగ్రాముకి కట్టిన పంజరం రూళ్లు) ఒక పేజీలో అయిపోతుంది.

సిద్ధాంతం అలా ఉంచి, అసలు తేడా ఒక ఘటనలో చెబుతాను.

పదకొండు రోజుల ప్రశాంతత

ఒక అప్లికేషన్ లాగులు పెరిగిపోతున్నాయని రూట్ ఫోల్డర్ (/) కిందే యాప్‌లాగ్స్ అనే కొత్త ఫోల్డర్ చేసి అందులోకి మళ్లించాను. ఫెయిల్2బ్యాన్ జైలు ఫైల్లో (ఏ లాగ్ చూడాలో, ఎప్పుడు నిషేధించాలో చెప్పే సెట్టింగులని అది జైలు అంటుంది) కూడా దారి మార్చాను, రీస్టార్ట్ చేశాను, సర్వీసు పచ్చగా వెలుగుతోంది. ఆ తర్వాత పదకొండు రోజులపాటు ఆ జైల్లో ఒక్క ఐపీ కూడా పడలేదు. నేనేమో దాడులు తగ్గాయని సంబరపడ్డాను. ఆ సర్వర్‌లో ఎస్ఈలైనక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో, అంటే రూళ్లు నిజంగా అమలు చేసే మోడ్‌లో ఉంది.

చివరికి ఆడిట్ లాగ్ తెరిస్తే విషయం అక్కడే ఉంది, ఏవీసీ డినైడ్ అంటూ. సోర్సు దగ్గర ఫెయిల్2బ్యాన్_టి, టార్గెట్ దగ్గర డిఫాల్ట్_టి. మొదటిది ఆ ప్రాసెస్ ఇంటిపేరు. రెండోది రూట్ కింద మనం సొంతంగా చేసుకున్న ఫోల్డర్లకి వచ్చే లేబుల్, ఇంటిపేరు లేనివాళ్లకి పెట్టే పేరన్నమాట. లాగులు చదవడానికి పాలసీ ఒప్పుకుంటుంది, కానీ అవి లాగులని లేబుల్ చెప్పాలి. దారిలో లాగ్స్ అని రాసి ఉన్నా దానికి పట్టదు.

ఇక్కడ నూటికి తొంభై మంది చేసేది ఆడిట్2అలౌ నడపడం. అడ్డుపడ్డవాటిని చదివి, వాటిని అనుమతించే రూలును అదే రాసిచ్చే టూల్ అది. నా విషయంలో అదిచ్చే రూలుకి అర్థం ఏమిటంటే, డిఫాల్ట్_టి లేబుల్ ఉన్న ఏ ఫైలునైనా ఫెయిల్2బ్యాన్ చదవొచ్చు అని. రేపు ఎవరో రూట్ కింద బ్యాకప్స్ అనే ఫోల్డర్ చేసి డేటాబేస్ డంపులు పెడితే అవి కూడా దానికి తెరిచినట్టే. ఒక్క లాగ్ ఫైలు కోసం లేబుల్ లేని లోకమంతా రాసిచ్చేశామన్నమాట. సరైన మందు వేరు: సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో యాప్‌లాగ్స్ ఫోల్డర్‌కీ దాని కింద ఉన్నవాటికీ వార్_లాగ్_టి లేబుల్ అని పాలసీలో నమోదు చేసి, ఆ లేబుళ్లని ఫైళ్లకి తగిలించే రీస్టోర్‌కాన్‌ని ఆ ఫోల్డర్ మీద నడపాలి. రెండు కమాండ్లు, కొత్త రూలేమీ లేదు. చాలామంది మధ్యలో, పాలసీలో నమోదు చేయకుండా లేబుల్‌ని నేరుగా మార్చే సీహెచ్‌కాన్ వాడతారు, అప్పటికి పని జరుగుతుంది. ఎప్పుడో ఎవరో రీలేబుల్ చేసినప్పుడు అది చెరిగిపోతుంది, మళ్లీ పదకొండు రోజుల ప్రశాంతత.

ఇదే తప్పు యాప్‌ఆర్మర్ ఉన్న సర్వర్‌లో చేసి ఉంటే? అక్కడా లాగ్ చదవలేకపోయేది, ఎందుకంటే ప్రొఫైల్‌లో వార్ కింద లాగ్ ఫోల్డర్ మాత్రమే ఉంటుంది. కానీ కెర్నల్ లాగ్‌లో వచ్చే లైను చూస్తే చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది: యాప్‌ఆర్మర్ డినైడ్, ఆపరేషన్ ఓపెన్, ప్రొఫైల్ ఫెయిల్2బ్యాన్, ఆ తర్వాత ఫైలు పూర్తి దారి, అడిగిన హక్కు ఆర్ (చదవడం). ఎస్ఈలైనక్స్ లైన్లో పూర్తి దారి చాలాసార్లు ఉండదు, పేరు ముక్కే ఉంటుంది. మిగతాది మనం వెతుక్కోవాలి. యాప్‌ఆర్మర్‌లో మందు కూడా ఒక లైనే. ప్రొఫైల్ అసలు ఫైలు ముట్టుకోకుండా, లోకల్ అనే ఫోల్డర్‌లో దాని పేరుతో ఉన్న ఫైల్లో ఆ దారి రాసి, ఆర్ అక్షరం పెట్టి, చివర కామా పెట్టి, పార్సర్‌తో మళ్లీ లోడ్ చేయడమే. ఆ కామా మరిచిపోతే ప్రొఫైలే లోడవదు, అదొక చిన్న నరకం. లోకల్ ఫైలు పనిచేయాలంటే అసలు ప్రొఫైల్ దాన్ని ఇన్‌క్లూడ్ చేసుకుని ఉండాలి. డిస్ట్రో ఇచ్చినవాటిలో మామూలుగా ఉంటుంది, మీరే రాసుకుంటే ఆ లైను మీరే పెట్టుకోవాలి.

సులువు విషయంలో యాప్‌ఆర్మర్‌దే పైచేయి, అందులో నాకు అనుమానం లేదు. మరి ఎస్ఈలైనక్స్ పక్షాన ఏముంది? ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు ఫెయిల్2బ్యాన్‌కి పాలసీ ముందే రాసి ఉంటుంది. ఫైర్‌వాల్ కమాండ్ నడపగానే ఆ పిల్ల ప్రాసెస్ ఐపీటేబుల్స్_టి అనే వేరే డొమైన్‌లోకి మారడం లాంటివన్నీ అందులో ఉంటాయి. ఉబుంటు, డెబియన్‌లో ఏఏ-స్టేటస్ కొట్టి చూడండి. జాబితాలో ఫెయిల్2బ్యాన్ కనిపించకపోతే అది ఏ పంజరమూ లేకుండా తిరుగుతున్నట్టే. సర్వర్‌లో యాప్‌ఆర్మర్ ఆన్‌లో ఉంది కదా అన్న ధీమా చాలామందిలో చూశాను. ప్రొఫైల్ లేని ప్రోగ్రాముకి యాప్‌ఆర్మర్ ఉన్నా లేనట్టే. నెట్‌వర్క్ పోర్టు తెరిచి ఉండి ప్రొఫైల్ లేనివాటిని ఏఏ-అన్‌కన్‌ఫైన్డ్ చూపిస్తుంది గానీ, ఫెయిల్2బ్యాన్ ఏ పోర్టూ వినదు కాబట్టి ఆ జాబితాలో కూడా అది పట్టుబడదు.

పిల్ల ప్రాసెస్‌ల గొడవ

కాపలా టూల్‌కి ప్రొఫైల్ రాసేటప్పుడు ఎక్కువసేపు ఆలోచించాల్సింది ఫైళ్ల గురించి కాదు, అది పుట్టించే పిల్ల ప్రాసెస్‌ల గురించి. ఫెయిల్2బ్యాన్ తన చర్యలు దాదాపు అన్నీ షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాము) ద్వారా నడుపుతుంది. నిషేధం వేయాలంటే షెల్, ఎత్తేయాలంటే షెల్, మెయిల్ పంపాలన్నా షెల్. యాప్‌ఆర్మర్‌లో ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని నడపడానికి కొన్ని పద్ధతులున్నాయి. ఐఎక్స్ అంటే పిల్ల కూడా అదే పంజరంలో ఉంటుంది. పీఎక్స్ అంటే దాని సొంత ప్రొఫైల్‌లోకి వెళ్తుంది. సీఎక్స్ అంటే ఈ ప్రొఫైల్ లోపలే రాసిన చిన్న ప్రొఫైల్‌లోకి. యూఎక్స్ అంటే పంజరం తలుపు తీసి బయటికి వదిలేయడం.

మెయిల్ కమాండ్‌కి ఏదో అడ్డుపడుతోందని, విసిగిపోయి యూఎక్స్ పెట్టేస్తారు. ఇప్పుడు మొదట్లో చెప్పిన టిల్డా లోపం గుర్తుచేసుకోండి. మెయిల్ యూఎక్స్‌లో ఉంటే, ఆ దొంగ లైను నడిపే కమాండ్ కూడా పంజరం బయటే, పూర్తి రూట్‌గా. అంత కష్టపడి కట్టిన ప్రొఫైల్ సరిగ్గా అవసరమైన చోటే లేకుండా పోయింది. అదే షెల్, మెయిల్ రెండూ ఐఎక్స్‌లో ఉంటే, దొంగ కమాండ్ నడిచినా అది చదవగలిగేది లాగులు, రాయగలిగేది ఫెయిల్2బ్యాన్ సొంత డేటాబేస్, అంతే. ఫైర్‌వాల్ మాత్రం దాని చేతిలో ఉంటుంది, నెట్_అడ్మిన్ అనే కేపబిలిటీ (రూట్ అధికారంలో ఒక ముక్క) ఇవ్వక తప్పదు కాబట్టి. ఫైర్‌వాల్‌ని మార్చే ఎన్ఎఫ్‌టీ కమాండ్‌ని సీఎక్స్ కింద పెట్టి ఆ కేపబిలిటీ దానికొక్కదానికే ఇస్తే అది కూడా కాస్త కట్టడి అవుతుంది. నా సలహా అయితే హూఈజ్ మెయిల్సే మానేయండి. రోజుకి రెండువందల మెయిల్స్ ఎవరు చదువుతారు?

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫెయిల్2బ్యాన్ పైథాన్ స్క్రిప్ట్. ప్రొఫైల్ ఆ స్క్రిప్ట్ దారికి అతుక్కుంటుంది. సర్వీసులని మొదలుపెట్టే సిస్టమ్‌డి చదివే యూనిట్ ఫైల్లో స్క్రిప్ట్‌ని నేరుగా పిలిస్తే సరే. ఎవరైనా ముందు పైథాన్3 అని రాసి తర్వాత స్క్రిప్ట్ పేరిస్తే, కెర్నల్‌కి కనిపించేది పైథాన్, ప్రొఫైల్ అతుక్కోదు. యూనిట్‌లో యాప్‌ఆర్మర్‌ప్రొఫైల్ అనే సెట్టింగుతో పేరు చెప్పేస్తే ఈ బెంగ ఉండదు. అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌కి కొత్తగా లోడ్ చేసిన ప్రొఫైల్ పట్టదు, రీస్టార్ట్ చేయాల్సిందే.

నేర్చుకునే మోడ్ మీద అతి నమ్మకం

యాప్‌ఆర్మర్‌కి ప్రొఫైల్ రాసిపెట్టే ఏఏ-జెన్‌ప్రాఫ్ ఆన్ చేసి, కాపలా టూల్‌ని కాసేపు నడిపి, అడిగినవాటికల్లా అలౌ కొట్టుకుంటూ పోతే అరగంటలో ప్రొఫైల్ తయారు. డెమోలో చాలా బాగుంటుంది. కానీ కాపలా టూల్ అరగంటలో ఏం చేస్తుంది? లాగ్ చదువుతుంది, ఒకటో రెండో నిషేధాలు వేస్తుంది. నిషేధం గడువు తీరి ఎత్తేయడం, లాగ్ రొటేట్ అయినప్పుడు కొత్త ఫైలు పట్టుకోవడం, డేటాబేస్‌లో పాతవి తుడిచేయడం, సర్వర్ రీబూట్ అయ్యాక పాత నిషేధాలు మళ్లీ వేయడం, ఇవన్నీ ఆ అరగంటలో రావు. లాగులు వారానికోసారి రొటేట్ అయ్యేచోట రెండు వారాలైనా కంప్లైన్ మోడ్‌లో (అడ్డుకోకుండా లాగ్‌లో రాసుకునే మోడ్) ఉంచుతాను నేను. డేటాబేస్ ఎస్‌క్యూలైట్ కాబట్టి ఆ ఫైలుకి చదవడం, రాయడంతో పాటు లాక్ చేసే కే హక్కు కూడా కావాలి. చేత్తో రాసేవాళ్లు ఇదొకటి మరిచిపోతుంటారు.

ఇంటర్నెట్ వైపు తెరిచి ఉన్న సర్వర్‌లో నేర్పించడం ఇంకో తప్పు. దాడి జరుగుతుండగా నేర్పిస్తే దాడి చేసేవాడి పనులు కూడా మామూలు పనులుగా ప్రొఫైల్‌లోకి ఎక్కే ప్రమాదముంది. ఇది ఎస్ఈలైనక్స్ వైపు ఆడిట్2అలౌకి కూడా వర్తిస్తుంది. ఇంకో సంగతి, కంప్లైన్ మోడ్‌లో అన్నీ వదిలేస్తుందనుకుంటారు గానీ, ప్రొఫైల్‌లో డినై అని రాసిన రూళ్లు ఆ మోడ్‌లోనూ అడ్డుకుంటాయి. పైగా డినై రూళ్లు మామూలుగా లాగ్‌లో ఏమీ రాయవు. ఎక్కడినుంచో కాపీ చేసిన ప్రొఫైల్‌లో డినై లైను ఉంటే కారణం తెలియక జుట్టు పీక్కోవాల్సి వస్తుంది. ఎస్ఈలైనక్స్‌లో దీనికి జోడీ డోంట్‌ఆడిట్ రూళ్లు. అడ్డుకుంటుంది గానీ చెప్పదు. టూల్ పనిచేయడం లేదు, ఆడిట్ లాగ్ ఖాళీగా ఉంది అన్నప్పుడు సెమాడ్యూల్‌ని పెద్ద డీ, పెద్ద బీ ఆప్షన్లతో నడిపితే ఆ మౌనం తాత్కాలికంగా పోతుంది. చూసుకున్నాక పెద్ద బీ ఒక్కదానితో మళ్లీ నడిపి మామూలు స్థితికి తెచ్చేయండి, లేకపోతే లాగ్ నిండిపోతుంది.

ఎస్ఈలైనక్స్‌లో అర్ధరాత్రి టెన్షన్‌లో సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టడం అందరూ చేసే తప్పు. సర్వర్ మొత్తానికీ తలుపులు తీసేసినట్టది. దానికి బదులు సెమేనేజ్ పర్మిసివ్‌తో ఫెయిల్2బ్యాన్_టి ఒక్కదాన్నే పర్మిసివ్ (అడ్డుకోకుండా రాసుకోవడం మాత్రమే) చేయొచ్చు, మిగతా సర్వర్‌కి కాపలా అలాగే ఉంటుంది. పూర్తిగా డిసేబుల్ చేయడం మాత్రం వద్దు. ఆఫ్‌లో ఉన్నప్పుడు పుట్టిన ఫైళ్లకి లేబుళ్లు ఉండవు, తిరిగి ఆన్ చేసేముందు డిస్కంతా రీలేబుల్ చేయాలి.

మీ చేత్తో చేసిన టెస్టు టెస్టు కాదు

నా పదకొండు రోజుల కథలో ఇంకో ముక్క ఉంది. అనుమానం వచ్చాక ముందు నేను చేసింది ఫెయిల్2బ్యాన్-రీజెక్స్ నడపడం. లాగ్ ఫైలూ, ఫిల్టరూ ఇస్తే ఎన్ని లైన్లు దొరికాయో చెప్పే టూల్ అది. నాలుగువందలకి పైగా దొరికాయంది. అంటే ఫిల్టర్ సరే, ఫైలు సరే, ఇంకేముంది సమస్య? సమస్యల్లా ఆ కమాండ్ నడిపింది నేను కావడమే. నా షెల్ అన్‌కన్‌ఫైన్డ్, ఏ పాలసీ అడ్డూ లేదు. సర్వీసుగా నడిచే ప్రాసెస్‌కి ఆ స్వేచ్ఛ లేదు. రెండు వ్యవస్థల్లోనూ ఈ బోల్తా ఒకేలా ఉంటుంది.

కాబట్టి పరీక్ష రెండు ముక్కలుగా చేయాలి. ఫెయిల్2బ్యాన్-క్లయింట్‌తో 192.0.2.10ని బ్యాన్ చేయమని చెప్పి, ఫైర్‌వాల్ జాబితాలో అది కనిపిస్తుందో లేదో చూడండి. ఆ ఐపీ రేంజ్ డాక్యుమెంటేషన్ ఉదాహరణల కోసమే పక్కన పెట్టినది, ఎవరికీ దెబ్బ తగలదు. ఇది చేతుల పరీక్ష, సర్వీసు ఫైర్‌వాల్‌ని ముట్టుకోగలుగుతోందని మాత్రమే తేలుతుంది. కళ్ల పరీక్ష వేరే చేయాలి: ఇంకో మెషీన్ నుంచి నిజంగా తప్పు పాస్‌వర్డ్‌తో ఆరుసార్లు లాగిన్‌కి ప్రయత్నించి, నిషేధం పడిందో లేదో చూడాలి. మీరు లోపల కూర్చున్న ఐపీనుంచే ఈ ప్రయోగం చేసి బయట నిలబడకండి, నవ్వులాటగా ఉంటుంది గానీ జరుగుతుంది. పాలసీ మారినప్పుడల్లా, డిస్ట్రో అప్‌గ్రేడ్ అయినప్పుడల్లా రెండూ చేయాలి. డెబియన్ 12లో లాగ్ ఫైళ్లు రాసే ఆర్‌సిస్‌లాగ్ డిఫాల్ట్‌గా రావడం మానేసింది, లాగిన్‌లు నమోదయ్యే ఆథ్ లాగ్ ఫైలే లేకుండా పోయి అందరూ సిస్టమ్‌డి సొంత లాగ్ అయిన జర్నల్ నుంచి చదివేలా మార్చుకోవాల్సి వచ్చింది. ఫైలు దారి మీద కట్టిన పాత ప్రొఫైల్‌కి జర్నల్ ఫోల్డర్ల సంగతి తెలియదు.

కంటైనర్లు, నెట్‌వర్క్ డిస్కులు

ఈ రెండుచోట్ల లెక్క తారుమారవుతుంది. కంటైనర్లు (ఒకే కెర్నల్ మీద విడివిడి గదుల్లా నడిచే అప్లికేషన్లు) ఎక్కువగా ఉండే సర్వర్‌లో నేను ఎస్ఈలైనక్స్‌కే ఓటేస్తాను. ప్రతి కంటైనర్‌కీ సున్నా నుంచి 1023 దాకా ఉన్న కేటగిరీల్లోంచి ఒక జత ఇచ్చి, ఒకదాని ఫైలు ఇంకోటి ముట్టకుండా చేస్తుంది. యాప్‌ఆర్మర్‌లో డాకర్ డిఫాల్ట్ ప్రొఫైల్ అన్ని కంటైనర్లకీ ఒకటే. 2019లో కంటైనర్లని నడిపే రన్‌సీలో వచ్చిన లోపం, సీవీఈ-2019-5736, కంటైనర్ లోపలినుంచి హోస్ట్‌ని పట్టుకునేంత పెద్దది. డిఫాల్ట్ యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ దాన్ని ఆపలేదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7లో ఎన్‌ఫోర్సింగ్‌లో ఉన్న ఎస్ఈలైనక్స్ ఆపింది.

లాగులు ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే డిస్కు) మీద ఉంటే మాత్రం యాప్‌ఆర్మర్‌తో సుఖం. 4.2 వెర్షన్‌లో లేబుళ్ల మద్దతు రెండువైపులా పెట్టుకుంటే తప్ప, ఎస్ఈలైనక్స్‌కి ఆ డిస్కంతా ఒకే ముద్దగా, ఎన్ఎఫ్ఎస్_టిగా కనిపిస్తుంది. యాప్‌ఆర్మర్‌కి దారి తెలిస్తే చాలు. బ్యాకప్ నుంచి ఫైళ్లు తిరిగి తెచ్చుకున్నప్పుడు కూడా అంతే, ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్లు లేకుండా తీసిన బ్యాకప్‌లో లేబుళ్లు పోతాయి. రీస్టోర్‌కాన్ నడపడం గుర్తుండాలి.

మిగతా పేర్లు

ఇలాంటి వ్యవస్థలే అయిన స్మాక్, టొమోయో కూడా కెర్నల్‌లో ఉన్నాయి, 2008 నుంచి ఒకటి, 2009 నుంచి ఒకటి. మామూలు సర్వర్‌లో వాటి జోలికి పోనక్కర్లేదు. ల్యాండ్‌లాక్ 2021లో 5.13 కెర్నల్‌లో వచ్చింది, అది ప్రోగ్రాము రాసేవాళ్లు తమకు తామే కట్టుకునే పంజరం, మీ చేతిలో పని కాదు.

సిస్టమ్‌డి సంగతి వేరు, అది తప్పక వాడండి. యూనిట్ ఫైల్లో ప్రొటెక్ట్‌సిస్టమ్ స్ట్రిక్ట్ అని పెట్టి, ఫెయిల్2బ్యాన్ రాసుకునే రెండు మూడు ఫోల్డర్లు రీడ్‌రైట్‌పాత్స్‌లో చెప్పి, కేపబిలిటీలని నెట్_అడ్మిన్, నెట్_రా, డీఏసీ_రీడ్_సెర్చ్‌లకి కుదిస్తే పది నిమిషాల్లో సగం రక్షణ వచ్చేస్తుంది. దాని సొంత లాగ్‌కి వార్ లాగ్ కింద విడిగా ఒక ఫోల్డర్ చేసుకుంటే రొటేషన్‌లో తలనొప్పి ఉండదు. సిస్టమ్‌డి-అనలైజ్ సెక్యూరిటీ కొడితే సర్వీసుకి పదికి ఎంతో మార్కు కూడా వేస్తుంది, ఇక్కడ మార్కు ఎంత తక్కువైతే అంత మంచిది. ఇది తప్పనిసరి యాక్సెస్ కంట్రోల్‌కి బదులు కాదు, ఎందుకంటే ఆ సర్వీసు కాకుండా వేరే దారిలో మొదలైన ప్రాసెస్‌కి ఇది వర్తించదు. రెండిటి మధ్య తేల్చుకోలేక ఏదీ చేయకుండా ఆర్నెల్లు గడిపేవాళ్లకి మాత్రం ఈరోజే చేయగలిగిన పని ఇది.

మరి ఏది?

రెడ్ హ్యాట్ వైపు ఉంటే ఎస్ఈలైనక్స్‌ని ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంచి, ఉన్న పాలసీతో నడిపి, లేబుళ్లు సరిచేయడం మాత్రం నేర్చుకోండి. కొత్త పాలసీ రాయాల్సిన అవసరం ఫెయిల్2బ్యాన్ లాంటి తెలిసిన టూల్‌కి దాదాపు రాదు. మీరే సొంతంగా రాసుకున్న కాపలా స్క్రిప్ట్ అయితే వస్తుంది, అప్పుడు మాత్రం కష్టమే, రెండు మూడు రోజులు పక్కన పెట్టుకోవాలి. సర్వీసుగా మొదలెట్టి ఊరుకుంటే అది అన్‌కన్‌ఫైన్డ్_సర్వీస్_టిలో నడుస్తుంది, అంటే పేరుకే ఎస్ఈలైనక్స్.

ఉబుంటు, డెబియన్‌లో ఒకరిద్దరు చూసుకునే సర్వర్లయితే యాప్‌ఆర్మర్. సొంత స్క్రిప్ట్‌కి ప్రొఫైల్ రాయాలన్నా ఒక సాయంత్రం చాలు. ఈ డినైడ్ సందేశాలని ఆడిట్ లాగ్‌లో రాసే ఆడిట్‌డి కూడా ఇన్‌స్టాల్ చేసుకోండి. అది లేకపోతే సందేశాలు కెర్నల్ లాగ్‌లోకి వెళ్తాయి, ఎక్కువైతే కొన్ని రాలిపోతాయి, నేర్పించేటప్పుడు ఆ రాలిపోయినవే తర్వాత కాటేస్తాయి. ఒకే సర్వర్‌లో ఒకరికొకరు తెలియని పదిమంది కంటైనర్లు నడుస్తుంటే మాత్రం డిస్ట్రో మార్చయినా సరే ఎస్ఈలైనక్స్ వైపు వెళ్లడం గురించి ఆలోచించండి.

రెండు రకాల సర్వర్లూ చేతిలో ఉంటే అన్నిటినీ ఒకే పద్ధతికి తేవాలని ఆరాటపడకండి. నేను రెండిటికీ ఒక్కటే ఉమ్మడిగా పెట్టుకున్నాను: ఒక జైల్లో మూడు రోజులు ఒక్క నిషేధమూ పడకపోతే నాకు మెసేజ్ వస్తుంది. వేళకి తనంతట తానే నడిచే రెండు లైన్ల క్రాన్ స్క్రిప్ట్ అది. ఇప్పటిదాకా నాలుగుసార్లు మోగింది. ఒకసారి నిజంగానే దాడుల్లేవు. మిగతా మూడుసార్లు మూతి కట్టేసి ఉంది.